రుషికొండ – గాజువాక స్టోరేజ్ లింకు: పింగ్‌కి దొరకని లాస్

సోమవారం

విశాఖలో రుషికొండ ఐటీ హిల్ మీద మా మెయిన్ సైటు, గాజువాకలో రెండోది. మధ్యలో రెండు 10 గిగాబిట్ ఫైబర్ లింకులు, ఎల్‌ఏసీపీ (లింకులు కలిపే ప్రోటోకాల్)తో ఒకే బండిల్‌గా కట్టి ఉన్నాయి. ఒక జత హనుమంతవాక, మద్దిలపాలెం, ఎన్‌ఏడీ జంక్షన్ మీదుగా హైవే పక్కన వెళుతుంది, సుమారు 33 కిలోమీటర్లు. రెండోది అడవివరం, సింహాచలం, గోపాలపట్నం చుట్టి వస్తుంది కాబట్టి ఇంకాస్త పొడుగు. ఎన్‌ఏడీ నుంచి గాజువాక దాకా మాత్రం రెండూ ఒకే రోడ్డుకి అటూ ఇటూ. కాగితం మీద దీన్ని "రెండు వేర్వేరు దారులు" అంటారు. అనుకోండి.

రెండు వైపులా లినక్స్ స్టోరేజ్ సర్వర్లే. డిస్కుని అవతలికి కాపీ చేసేది డీఆర్‌బీడీ అనే సాఫ్ట్‌వేర్, ప్రోటోకాల్ సి పద్ధతిలో. అంటే రాసిన డేటా ఇక్కడి డిస్కు మీదా, గాజువాక డిస్కు మీదా పడ్డాకే డేటాబేసుకి "అయింది" అని కబురు వెళుతుంది. ఫైబర్‌లో వెలుతురు కిలోమీటరుకి సుమారు 5 మైక్రోసెకన్లు తీసుకుంటుంది. 33 కిలోమీటర్లు పోయి రావడానికి 330. స్విచ్‌లూ సర్వర్లూ కలుపుకుని మా రౌండ్ ట్రిప్ 0.4 మిల్లీసెకన్లు. ఈ దూరానికి అంతకంటే బాగా రాదు, రానక్కర్లేదు కూడా.

ఫిర్యాదు ఏమిటంటే, క్లయింటు వాళ్ల సాయంత్రం బ్యాచ్ జాబ్ నత్తనడక నడుస్తోంది. పగలు వందల మంది యూజర్లు పనిచేసేటప్పుడు ఎవరూ పెద్దగా ఏమీ అనడం లేదు. అందరూ ఇంటికెళ్లాక, లింకు దాదాపు ఖాళీగా ఉన్నప్పుడు ఒక్క జాబ్ నడుస్తుంది, అదే ఈడుస్తుంది. అప్పుడప్పుడు లాగ్‌లో "పింగ్‌యాక్ డిడ్ నాట్ అరైవ్ ఇన్ టైమ్" అని పడి ఒక రిసోర్స్ (డీఆర్‌బీడీ కాపీ చేసే ఒక డిస్కు భాగం) డిస్కనెక్ట్ అయి, మళ్లీ తనే కలుస్తోంది.

సర్వీస్ ప్రొవైడర్ టికెట్ మూసేశాడు. "లింక్ అప్, లైట్ ఉంది, పింగ్ లాస్ సున్నా శాతం." మూడూ నిజాలే. (పింగ్ అంటే చిన్న ప్యాకెట్ పంపి జవాబు చూసే పరీక్ష, లాస్ అంటే దారిలో పోయిన ప్యాకెట్లు.)

మంగళవారం

సర్వర్లలో రాతల లేటెన్సీ (ఒక్కో రాతకి పట్టే సమయం) పంపిణీ గీయించాను. సగటు చూస్తే ఏమీ తెలియదు. గీత చూస్తే తెలిసింది. రాతల్లో దాదాపు అన్నీ ఒక మిల్లీసెకను లోపే. తర్వాత పెద్ద ఖాళీ. మళ్లీ 200 దాటాక ఒక చిన్న గుట్ట. మధ్యలో 20, 50, 100 దగ్గర ఏమీ లేవు. డిస్కు నెమ్మదైతే ఇలా ఉండదు, తోక సాగుతుంది. సరిగ్గా 200 దగ్గర గుట్ట కనబడిందంటే అది లినక్స్ టీసీపీ (పోయిన ప్యాకెట్లని మళ్లీ పంపే ప్రోటోకాల్) సంతకం. తిరిగి పంపడానికి కనీసం ఆగే సమయం, ఆర్‌టీఓ మినిమమ్, అందులో 200 మిల్లీసెకన్లు. ఎస్‌ఎస్ -టీఐ కమాండ్ కొట్టి చూస్తే ఆర్‌టీఓ 201 అని ఉంది, పక్కనే రెట్రాన్స్ (మళ్లీ పంపినవాటి) అంకె పెరుగుతోంది.

పగలు ఎందుకు నొప్పి లేదు, సాయంత్రం ఎందుకు ఉంది అన్నదానికి జవాబు కూడా ఇక్కడే ఉంది. లింకులో వరసగా ప్యాకెట్లు పోతూ ఉంటే, ఒకటి రాలిపోయినా వెనక వచ్చినవాటి యాక్‌లు (అందిందని వచ్చే జవాబులు) చూసి టీసీపీ క్షణంలో కనిపెట్టి మళ్లీ పంపిస్తుంది. బ్యాచ్ జాబ్ అలా కాదు. ఒక కమిట్ (డేటాబేసు మార్పుని ఖాయం చేసే రాత) ముగిస్తేగానీ రెండోది మొదలుపెట్టదు. ఆ ఒక్క ప్యాకెట్టూ పోతే వెనకాల ఎవరూ లేరు, పోయిందని చెప్పేవాళ్లు లేరు. టైమర్ మోగేదాకా 200 మిల్లీసెకన్లు కూర్చోవడమే. ట్రాఫిక్ తక్కువైతే లాస్ ఎక్కువ బాధిస్తుంది అంటే మేనేజర్లు నమ్మరు, కానీ సింక్రనస్ రిప్లికేషన్‌లో (రెండు చోట్లా రాసేదాకా ఆగే కాపీలో) జరిగేది అదే.

ఐపెర్ఫ్ అనే స్పీడ్ టెస్ట్ టూల్‌తో చూస్తే 8 గిగాబిట్ల దాకా వస్తోంది. దాన్ని ప్రొవైడర్ మనిషి స్క్రీన్‌షాట్ తీసుకుని మాకే మెయిల్ చేశాడు. అందులో కుడిపక్క రెట్రాన్స్‌మిట్ కాలమ్ ఉంటుంది, అది కత్తిరించలేదు పాపం. ఇంత తక్కువ రౌండ్ ట్రిప్ ఉంటే పదివేలకి ఒక ప్యాకెట్ పోయినా టీసీపీ స్పీడు అంతగా పడదు. 1997లో మాథిస్, ఆయన సహచరులు ఇచ్చిన సూత్రం ప్రకారం స్పీడు రౌండ్ ట్రిప్‌కి విలోమంగా, లాస్ వర్గమూలానికి విలోమంగా మారుతుంది. 9000 బైట్ల ఎమ్‌టీయూ (ప్యాకెట్ గరిష్ఠ సైజు)తో, పదివేలకి ఒక ప్యాకెట్ పోయే లింకు మీద 0.4 మిల్లీసెకన్లకి లెక్క కడితే 20 గిగాబిట్లు దాటుతుంది, అంటే లింకే ముందు నిండుతుంది. అదే లాస్‌తో 12 మిల్లీసెకన్ల దూరం అయితే 700 మెగాబిట్ల దగ్గర ఆగిపోతుంది. కాబట్టి ఊళ్లో లింకుకి స్పీడ్ టెస్ట్ చూపించి బాగుందనడం కుదరదు.

బుధవారం

ఇవాళ్టి చిక్కు: నిన్న మూలిగిన రిసోర్స్ ఇవాళ హాయిగా ఉంది. నిన్న బాగున్నది ఇవాళ మూలుగుతోంది. గాజువాకలో ఉన్న మా జూనియర్ ఫోన్ చేసి, "అన్నా, మనం ఏం మార్చలేదు కదా?" అంది. మార్చలేదు. కానీ రాత్రి రెండూ ఒకసారి డిస్కనెక్ట్ అయి కలిశాయి.

డీఆర్‌బీడీలో ప్రతి రిసోర్స్‌కీ సొంత టీసీపీ కనెక్షన్లు ఉంటాయి. మళ్లీ కలిసినప్పుడు ఒక వైపు పోర్టు నంబరు కొత్తది వస్తుంది. బండిల్ చేసే స్విచ్ ఐపీలూ పోర్టులూ హ్యాష్ చేసి (ఒక అంకెగా కుదించి), ఆ కనెక్షన్ మొత్తాన్ని రెండు లింకుల్లో ఏదో ఒకదాని మీదే పంపుతుంది. పోర్టు మారితే దారి మారుతుంది. అంటే జబ్బు రిసోర్స్‌ది కాదు, దారిది.

తేల్చుకోవడం తేలిక. ఐపెర్ఫ్3లో సీపోర్ట్ ఆప్షన్‌తో సోర్స్ పోర్టు మనమే ఇవ్వొచ్చు. 50001 నుంచి వరసగా ఒక్కో పోర్టుతో పది సెకన్ల పరుగు. అయితే రెట్రాన్స్‌మిట్లు సున్నా, లేకపోతే వందల్లో. మధ్యరకం ఒక్కటీ లేదు. రివర్స్ ఆప్షన్ పెట్టి గాజువాక నుంచి ఇటు పంపితే ఏ పోర్టుతోనైనా శుభ్రం. కాబట్టి ఒక లింకు, అందులోనూ ఒక దిక్కు, ఇక్కడి నుంచి అక్కడికి వెళ్లే కోర్.

మామూలు పింగ్‌కి ఒకే దారి హ్యాష్ అవుతుంది. మాది మంచి లింకు మీద పడింది. చెడ్డదాని మీద పడినా దొరికేది కాదు, ఆ లెక్క రేపు రాస్తాను.

గురువారం

జూనియర్ గాజువాక సర్వర్ మీద ఈథ్‌టూల్ -ఎస్ (నెట్‌వర్క్ కార్డు లెక్కలు) తీసి పంపింది. ఆర్ఎక్స్ సీఆర్సీ ఎర్రర్లు (చెడి వచ్చిన ఫ్రేములు) పెరుగుతున్నాయి. "కార్డో కేబులో పోయింది, డాక్ కేబుల్ మార్చేయమంటారా?" అని అక్కడి హార్డ్‌వేర్ కుర్రాళ్లు సిద్ధమైపోయారు. ఆగమన్నాను. మా స్విచ్ కట్‌త్రూ పద్ధతి. ఫ్రేమ్ తల చూడగానే బయటికి పంపడం మొదలుపెట్టేస్తుంది. తోకలో ఉన్న ఎఫ్‌సీఎస్ (డేటా చెడిందేమో చూసే చెక్ అంకె, సీఆర్సీ అన్నా అదే) తప్పని తెలిసేసరికి ఫ్రేమ్ సగం పైన వెళ్లిపోయి ఉంటుంది. గాజువాకలో లింకూ 10 గిగాబిట్లే, సర్వర్ కార్డులూ పాత 10 గిగాబిట్‌వే, స్పీడు ఒకటే కాబట్టి కట్‌త్రూ నడుస్తుంది. అంచేత ఎర్రర్ ఎక్కడ లెక్కకొచ్చిందో అక్కడే పుట్టిందనుకోకూడదు. పైకి నడుచుకుంటూ పోయి, ఎర్రర్లు మొదటిసారి కనబడిన పోర్టు పట్టుకోవాలి. అది గాజువాక స్విచ్‌లో హైవే లింకు పోర్టు. అక్కడా ఎఫ్‌సీఎస్ ఎర్రర్లు, రుషికొండ వైపు సున్నా.

లెక్క ఇది. ఆ లింకు మీద పెద్ద ఫ్రేములు సుమారు 1,400కి ఒకటి చెడుతోంది. 9000 బైట్ల ఫ్రేమ్ అంటే 72 వేల బిట్లు. వెనక్కి లెక్కేస్తే పది కోట్ల బిట్లకి ఒక బిట్ తప్పుతోంది. 10 గిగాబిట్ ఈథర్నెట్ ప్రమాణం అడిగేది లక్ష కోట్లకి ఒకటి. ఇప్పుడు పింగ్ తీసుకోండి. డీఫాల్ట్ పింగ్ ఈథర్నెట్ తలా తోకా కలుపుకుని 102 బైట్లు, 816 బిట్లు. అదే లింకు మీద లక్షా ఇరవై వేలకి ఒకటి పోతుంది. సెకనుకొకటి చొప్పున రోజంతా కొడితే 86,400. ఒక్కటీ పోకపోవచ్చు! ప్రొవైడర్ "సున్నా శాతం" ఎక్కడి నుంచి వచ్చిందో చూశారా. ఎంత శాతం పోతోంది అని అడిగితే వచ్చే జవాబుకి అర్థం లేదు. ఎంత సైజుది, ఏ దారిన, ఏ వైపు వెళుతూ పోతోంది అని అడగాలి. పింగే కావాలంటే డోంట్ ఫ్రాగ్మెంట్ పెట్టి 8972 సైజుతో కొట్టాలి.

ఆప్టికల్ మాడ్యూల్ రీడింగులు: మంచి లింకులో గాజువాక రిసీవ్ పవర్ మైనస్ 11 డీబీఎం (వెలుతురు బలానికి కొలత, మైనస్ పెరిగేకొద్దీ వెలుతురు తక్కువ). చెడ్డదాంట్లో మైనస్ 16.4. మా మాడ్యూళ్లు ఈఆర్ రకం, 1550 నానోమీటర్లు, రిసీవర్‌కి కనీసం మైనస్ 15.8 కావాలి. దాని కిందికి పోయినా లింక్ పడిపోదు, లైటు ఉంటూనే ఉంటుంది, బిట్లు మాత్రం అక్కడొకటి ఇక్కడొకటి తప్పుతాయి. పూర్తిగా తెగిన ఫైబర్ చాలా మంచిది. అలారం మోగుతుంది, అందరూ పరిగెడతారు, రెండో లింకు మోస్తుంది. ఇలా కొనఊపిరితో ఉన్నదే పీడ. దాన్ని ఎల్‌ఏసీపీ కూడా ఆరోగ్యంగా ఉందనే అనుకుని సగం ట్రాఫిక్ అప్పగిస్తుంది.

బ్యాచ్ మొదలవకముందే ఆ లింకు బండిల్ నుంచి తీసేశాం. సాయంత్రం బ్యాచ్ మామూలు టైముకి ముగిసింది. 200 దగ్గర గుట్ట మాయం. "ఇంకేం, అలాగే ఉంచేయండి" అన్నాడు క్లయింటు. ఒక్క కాలి మీద ఎన్నాళ్లు?

శుక్రవారం

ముందుగా చేతి దగ్గరున్నది. రెండు వైపులా ప్యాచ్ కార్డులూ ప్యానెల్ అడాప్టర్లూ స్కోప్‌లో చూసి తుడిచాం. సముద్రపు గాలి సంగతి విశాఖలో చెప్పక్కర్లేదు, ప్యానెల్ స్క్రూలు అప్పుడే తుప్పు రంగుకొచ్చాయి. కనెక్టర్ ముఖం మీద ఒకచోట జిడ్డు మరక ఉంది. తుడిస్తే అర డీబీ తిరిగొచ్చింది. ఐదు డీబీ ఎక్కడో దారిలో ఉంది.

ప్రొవైడర్‌కి ఈసారి శాతాలు పంపలేదు. ఎఫ్‌సీఎస్ లెక్క గంట గంటకీ, రెండు కోర్ల పవర్ పక్కపక్కన, మాడ్యూల్ కనీస అంకె. ఆ మూడే. మధ్యాహ్నానికి ఓటీడీఆర్ (ఫైబర్‌లో వెలుతురు ఎంత దూరంలో పోతోందో చూపే) మిషన్‌తో మనుషులు వచ్చారు.

1310 నానోమీటర్ల తరంగం దగ్గర ఓటీడీఆర్ కొడితే గీత దాదాపు సాఫీ, పంతొమ్మిదిన్నర కిలోమీటర్ల దగ్గర అర డీబీ కూడా లేని చిన్న మెట్టు. 1550కి మార్చి కొడితే అదే చోట నాలుగున్నర డీబీ గోతి. రెండు గీతలూ ఒకదాని మీద ఒకటి పెట్టి చూడగానే జాయింటర్ అన్న నవ్వాడు. స్ప్లైస్ (ఫైబర్లని అతికిన చోటు) చెడితే రెండు తరంగాల దగ్గరా ఇంచుమించు ఒకటే లాస్ చూపిస్తుంది. పొడుగు తరంగం దగ్గర మాత్రమే పడిపోయిందంటే ఫైబర్ ఎక్కడో నలిగి వంగి ఉంది. పొడుగు తరంగపు వెలుతురు కోర్‌లో కాస్త వదులుగా నడుస్తుంది, వంపు దగ్గర బయటికి జారిపోతుంది. లింకు అప్పగించినప్పటి రిపోర్టు తెరిచి చూశాం. అందులో 1310 గీత ఒక్కటే ఉంది. మేం నడిపేది 1550 మీద!

ఓటీడీఆర్ పంతొమ్మిదిన్నర అంటే రోడ్డు మీద పంతొమ్మిదిన్నర కాదు. ప్రతి ఛాంబర్‌లోనూ మిగులు చుట్టలు ఉంటాయి, ఫైబర్ కేబుల్ కంటే పొడుగు. డ్రాయింగు దగ్గర పెట్టుకుని చుట్టలు తీసేస్తే ఎన్‌ఏడీ జంక్షన్‌కి ఇవతల ఒక జాయింట్ ఛాంబర్ తేలింది.

శుక్రవారం రాత్రి

హుద్‌హుద్ తుపాను వచ్చింది 2014 అక్టోబరు 12న. ఆ తర్వాత ఈ ఊళ్లో కరెంటు తీగలు కూడా భూమిలోకి దిగడం మొదలైంది. మంచి పనే. కానీ హైవే అంచున అడుగు జాగా కోసం ఇప్పుడు కాలువ, నీళ్ల పైపు, కరెంటు, టెలికాం అందరూ పోటీ. మా ఛాంబర్ పక్కన కాలువ పని ఈమధ్యే అయినట్టుంది, కొత్త సిమెంటు కనబడుతోంది.

మూత ఎత్తితే మోకాలి లోతు నీళ్లు. తోడి, జాయింట్ క్లోజర్ పైకి తీసి గట్టు మీద పెట్టారు. లోపల తడి లేదు, సీల్ బాగానే ఉంది. జాయింటర్ అన్న హెడ్‌లైటు వెలుగులో ట్రేలు ఒక్కొక్కటే తిప్పుతూ పోయాడు. మూడో ట్రే దగ్గర ఆగాడు. ఒక ఫైబర్ చుట్ట దాని గాడిలోంచి పైకి లేచి, పై ట్రే అంచు కింద ఇరుక్కుని ఉంది. చిటికెన వేలి మందం కంటే చిన్న వంపు. ఈ రకం జీ.652 ఫైబర్‌ని 30 మిల్లీమీటర్ల వ్యాసార్థం కంటే బిగువుగా చుట్టకూడదని జాయింటర్లందరికీ తెలుసు.

"ఎవలో తీసి మళ్లీ మూసీసినారు సార్. సూడకుండా ట్రే నొక్కీసినారు. తెగిపోనా బాగుండు, అప్పుడే తెలిసీది" అన్నాడు. నిన్న నేను రాసుకున్న మాటే.

"స్ప్లైస్ మళ్లీ కొట్టాలా అన్నా?"

"ఎందుకండీ, స్ప్లైస్ కేటీ కాలేదు. సుట్ట సరిచేస్తే సాలు."

వేలితో ఆ చుట్టని లేపి గాడిలో కూర్చోబెట్టాడు. గాజువాక నుంచి జూనియర్ ఫోన్‌లో అంకెలు చదువుతోంది. మైనస్ 15.9. మైనస్ 13. మైనస్ 11.3. అక్కడ నిలబడింది. ఎఫ్‌సీఎస్ కౌంటర్ ఆగింది.

లింకు వెంటనే బండిల్‌లో కలపలేదు. తెల్లారేదాకా ఒంటరిగా టెస్ట్ ట్రాఫిక్ పోయించి, అప్పుడు కలిపాం. క్లోజర్ మూసేముందు అన్ని కోర్లకీ రెండు తరంగాల్లోనూ ఓటీడీఆర్ కొట్టి ఫైళ్లు తీసుకున్నాం. ప్రొవైడర్ అడక్కపోయినా, ఆ ఫైళ్లు మన దగ్గర ఉండాలి.

సోమవారం

బ్యాచ్ బాగుంది. కానీ రాత్రి రెండు గంటల ప్రాంతంలో 200 గుట్ట మళ్లీ చిన్నగా కనబడింది. ఎఫ్‌సీఎస్ ఎర్రర్లు ఎక్కడా లేవు. ఈసారి రుషికొండ స్విచ్‌లో లింకు వైపు పోర్టుల మీద అవుట్‌పుట్ డిస్కార్డులు. అంటే ఫైబర్ మీదికి ఎక్కకముందే, స్విచ్ తనే పారేస్తోంది.

ఆ టైముకి బ్యాకప్ ఇమేజీలు గాజువాకకి వెళతాయి. రుషికొండలో బ్యాకప్ సర్వర్ కార్డు 25 గిగాబిట్లు, బయటికి వెళ్లే ఒక్కో లింకు 10. గ్రాఫ్‌లో ఐదు నిమిషాల సగటు ఇరవై శాతం కూడా లేదు, అందుకే ఎవరూ అనుమానించలేదు. కానీ 25 వచ్చి 10 పోతుంటే సెకనుకి 15 గిగాబిట్లు పోగుపడతాయి, దగ్గర దగ్గర 1.9 గిగాబైట్లు. స్విచ్ బఫర్ (ప్యాకెట్లు ఆగే జాగా) మొత్తం 16 మెగాబైట్లు, అదీ అన్ని పోర్టులూ పంచుకునేది. మొత్తం ఈ పోర్టుకే ఇచ్చేసినా 9 మిల్లీసెకన్లలోపే నిండిపోతుంది. ఐదు నిమిషాల గ్రాఫ్‌లో 9 మిల్లీసెకన్లు ఎక్కడ కనబడతాయి?

నిండాక పారేసేది బ్యాకప్ ప్యాకెట్లనే కాదు, అప్పుడే వచ్చిన డేటాబేస్ కమిట్‌ని కూడా. బ్యాకప్‌కి ఒక ప్యాకెట్ పోతే లెక్కే లేదు. కమిట్‌కి 200 మిల్లీసెకన్లు.

సాయంత్రం కాల్‌లో ఒకాయన పీఎఫ్‌సీ (బఫర్ నిండబోతే పంపేవాణ్ని ఆగమనే పద్ధతి) పెట్టేద్దాం, లాస్‌లెస్ అయిపోతుంది అన్నాడు. డేటా సెంటర్ లోపల సరే. 33 కిలోమీటర్ల మీద ఆగమని చెప్పిన కబురు అందేలోపు, ఆగేలోపు, 10 గిగాబిట్ల లింకులో 400 కిలోబైట్ల పైన దారిలోనే ఉంటుంది. దాన్ని మింగే బఫర్ ప్రతి పోర్టుకీ విడిగా ఉంచాలి. ఉన్న 16లోంచి అంత తీయడం నాకు ఇష్టం లేదు. పైగా మా ఇబ్బంది లింకు అవతల కాదు, ఇవతల. తెరిచిన కుళాయే తగ్గించాలి.

బ్యాకప్ సర్వర్ మీద టీసీ ఎఫ్‌క్యూ (పంపే వేగానికి హద్దు పెట్టే లినక్స్ క్యూ) పెట్టి ఒక్కో ఫ్లోకి (కనెక్షన్‌కి) మ్యాక్స్‌రేట్ 2 గిగాబిట్లు ఇచ్చాం, ఫ్లోలు ఒకేసారి మూడుకి మించకుండా. బ్యాకప్ ముగిసే టైము పెద్దగా మారలేదు, అసలు అది డిస్కు స్పీడుకే పరిమితం. స్విచ్‌లో డీఆర్‌బీడీ పోర్టులకి వేరే క్యూ. డీఆర్‌బీడీ సొంత రీసింక్‌కి (తెగి కలిశాక వెనకబడ్డ డేటా సరిచేయడానికి) మాత్రం ఆ క్యూ కిటుకు పనికిరాదు. రీసింక్ డేటా, కమిట్ డేటా ఒకే సాకెట్‌లో వెళతాయి, స్విచ్‌కి తేడా తెలీదు. దానికి సీ-మ్యాక్స్-రేట్ తగ్గించి, రీసింక్-ఆఫ్టర్‌తో రిసోర్సులు ఒకదాని తర్వాత ఒకటి రీసింక్ అయ్యేలా పెట్టాం.

రెండు సర్వర్ల మధ్య రూట్ మీద ఆర్‌టీఓ మినిమమ్ తగ్గించే ఆలోచన మొదటి రోజు నుంచీ ఉంది. అప్పుడే పెట్టి ఉంటే గుట్ట 200 నుంచి కిందికి జరిగేది, ఫిర్యాదు ఆగేది, నలిగిన ఫైబర్ అలాగే ఉండేది. ఇప్పుడు పెట్టాం, 50 మిల్లీసెకన్లు. లినక్స్ డిలేడ్ యాక్ (కాస్త ఆగి పంపే యాక్) 40 మిల్లీసెకన్ల నుంచి మొదలవుతుంది. అంతకంటే కిందికి దింపితే పోని ప్యాకెట్లని కూడా మళ్లీ పంపుతుంది.

బుధవారం

రెండు రాత్రులుగా డిస్కార్డులు లేవు, గుట్ట లేదు.

మానిటరింగ్ మార్చాం. లింక్ అప్/డౌన్ అలారం ఎలాగూ ఉంది. దానికి తోడు రిసీవ్ పవర్ మామూలు కంటే 2 డీబీ తగ్గితే ఒకటి, ఎఫ్‌సీఎస్ ఎర్రర్ ఒక గంటలో పెరిగితే ఒకటి. ప్రతి లింకు మీదా పడేలా సోర్స్ పోర్టులు ఎంచుకుని, 9000 సైజు ప్యాకెట్లతో రెండు దిక్కులా నడిచే చిన్న ప్రోబ్ ఒకటి జూనియర్ రాసింది. బాగా రాసింది. లింకు మార్చినప్పుడు ఏ పోర్టు ఏ దారిన పోతోందో కూడా అదే కనిపెట్టుకుంటుంది.

మిగిలింది హైదరాబాద్ కాపీ. తుపాను వస్తే రుషికొండా గాజువాకా ఒకే గాలిలో ఉంటాయి కాబట్టి మూడో కాపీ దూరంగా ఉండాల్సిందే, అది ఎసింక్రనస్, అంటే అవతలి జవాబు కోసం ఆగనిది. ఆ లింకు మీద రౌండ్ ట్రిప్ ఇక్కడికి ఎన్నో రెట్లు. మంగళవారం కట్టిన లెక్క ప్రకారం, ఊళ్లో స్పీడ్ టెస్ట్‌లో దాక్కునే లాస్ అక్కడ దాక్కోలేదు, స్పీడునే తినేస్తుంది. ప్రొవైడర్‌ని అప్పగింత టెస్టు 9000 బైట్ల ఫ్రేములతో, రెండు దిక్కులా విడివిడిగా చేసి ఇమ్మన్నాం. 1500తో చేస్తామని జవాబు వచ్చింది. ఒప్పుకోలేదు, మెయిల్ తిరిగి పంపాను. ఎన్‌ఏడీ నుంచి గాజువాక దాకా రెండు జతలూ ఒకే రోడ్డు మీద ఉన్న సంగతి కూడా అదే మెయిల్‌లో రాశాను. రెండో జతని ఇంకో దారిన తిప్పడానికి ఎంతవుతుందో కొటేషన్ ఇమ్మన్నాను.